ఎలుకలో తగ్గిన తుప్పు మనిషిలోనూ తగ్గుతుందా?

పదవీ విరమణ తరువాత కూడా గురువారాల్లో ఆళ్లగడ్డకు వెళ్లి కొద్దిమంది రోగులను చూసే అలవాటును నేను వదులుకోలేదు. నంద్యాల నుంచి సుమారు 40 కిలోమీటర్ల ప్రయాణం. ఊరు దగ్గర పడుతుండగానే రోడ్డు పక్కన శిల్పుల కొట్టాలు మొదలవుతాయి. సగం చెక్కిన నందులు, ఆంజనేయస్వామి విగ్రహాలు, ఇంకా ముఖం ఏర్పడని అమ్మవార్లు, వాటి మధ్య తెల్లని దుమ్ము. ఆ దుమ్ములో ముప్ఫై ఏళ్లుగా బతుకుతున్న ఒక శిల్పి మొన్నటి వేసవిలో నా దగ్గరకు వచ్చాడు. వయసు 52. పది మెట్లు ఎక్కితే ఆయాసం. పొడి దగ్గు.

పరీక్షించబోతుండగా సంచిలోంచి ఒక సీసా, ఒక కరపత్రం తీసి బల్లమీద పెట్టాడు. "ఈ గోళీలు ఏసుకుంటే ఊపిరితిత్తుల్లో తుప్పు పోతాదంట సార్. మూడు నెలల నుంచి వాడతాండా" అన్నాడు. కరపత్రం మీద ఒక తెల్ల ఎలుక బొమ్మ. దాని పక్కన ఎత్తుగా ఒక ఎర్రగీత, పొట్టిగా ఒక పచ్చగీత. ప్రోబయాటిక్ సూక్ష్మజీవులు ఆక్సిడేటివ్ స్ట్రెస్‌ను తగ్గిస్తాయని శాస్త్రీయంగా రుజువైందని కింద పెద్ద అక్షరాలలో ఉంది. రుజువైంది ఎవరిలో అన్న విషయం మాత్రం ఆ ఎలుక బొమ్మే చెబుతోంది. అతడు ఆ గోళీలకు నెలకు 1,200 రూపాయలు పెడుతున్నాడు. దుమ్ముకు అడ్డంగా ముక్కుకు కట్టుకునేది మాత్రం పాత తువ్వాలు.

అతడు వాడిన "తుప్పు" అన్న మాట నాకు నచ్చింది. కరపత్రంలోని ఆంగ్ల పదం కంటే అదే విషయానికి దగ్గరగా ఉంది. ఇనుము తుప్పు పట్టడం, కోసిన వంకాయ నల్లబడడం, నూనె కంపు కొట్టడం, ఇవన్నీ ఆక్సిజన్ చేసే పనులే. మన కణాల్లో శక్తిని పుట్టించే మైటోకాండ్రియాలలోనూ ఆక్సిజన్ మండుతుంది. ఆ మంటలో కొన్ని నిప్పురవ్వలు పక్కకు ఎగురుతాయి. సూపర్ ఆక్సైడ్, హైడ్రోజన్ పెరాక్సైడ్ వంటివి అవి. వాటిని ఆర్పడానికి శరీరం తనకంటూ ఒక దళాన్ని పెట్టుకుంది. సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైము మొదటి రవ్వను హైడ్రోజన్ పెరాక్సైడుగా మారుస్తుంది, కేటలేజ్ దానిని నీరుగా, ఆక్సిజనుగా విడగొడుతుంది, గ్లూటాథయోన్ అనే చిన్న అణువు మిగిలిన పని చూస్తుంది. రవ్వలు ఎక్కువై దళం చాలని స్థితికే ఆక్సీకరణ ఒత్తిడి అని పేరు. 1985లో హెల్ముట్ సీస్ అనే జర్మన్ శాస్త్రవేత్త ఈ పదాన్ని శాస్త్రంలో స్థిరపరిచారు. అంతకు ముందే, 1956లో, డెన్‌హామ్ హార్మన్ అనే అమెరికన్ వైద్యుడు వార్ధక్యానికి ఈ రవ్వలే కారణమని ప్రతిపాదించారు.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఈ రవ్వలు పూర్తిగా శత్రువులు కావు. మన తెల్లరక్తకణాలు బాక్టీరియాను చంపేది వీటితోనే. పుట్టుకతోనే ఆ శక్తి లేని పిల్లలు ఉంటారు. దీర్ఘకాలిక గ్రాన్యులోమా వ్యాధి అంటారు దానిని. మామూలు చీముగడ్డలే వారికి ప్రాణాంతకమవుతాయి. కాబట్టి "ఆక్సీకరణను తుడిచిపెట్టేస్తాం" అనే మందు ఎవరైనా కనిపెడితే దానికి నేను దూరంగా ఉంటాను.

ఇప్పుడు ఎలుకల దగ్గరకు వద్దాం. జంతు ప్రయోగాలను తేలికగా తీసిపారేసే వైద్యులలో నేను లేను. మన దేశ పోషకాహార శాస్త్రం ఎలుకల మీదనే నిలబడింది. కూనూరులో రాబర్ట్ మెక్‌కారిసన్ భారతదేశంలోని వేర్వేరు ప్రాంతాల భోజనాలను ఎలుకలకు పెట్టి చూశారు. గోధుమ రొట్టెలు, పాలు, పప్పు తిన్న ఎలుకలు బలంగా పెరిగాయి. పాలిష్ పట్టిన బియ్యం ప్రధానంగా తిన్నవి చిక్కిపోయాయి. 1918లో అక్కడ మొదలైన ఆ పరిశోధనశాలే 1958లో హైదరాబాదుకు తరలి, నేడు తార్నాక దగ్గర ఉన్న జాతీయ పోషకాహార సంస్థ అయింది. అక్కడి విస్టార్ ఎలుకల సంతతి దశాబ్దాలుగా కొనసాగుతోంది. ఆ సంతతిలోనే 1990లలో తమంతట తాముగా స్థూలకాయంతో పుట్టిన ఎలుకలు కనబడ్డాయి. వాటి ద్వారా ఊబకాయం గురించి ఎంతో తెలిసింది. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం ఫోలిక్ ఆమ్లాన్ని వెలికితీసినప్పుడు, దాని ఉనికిని పట్టిచ్చింది లాక్టోబాసిల్లస్ కేసీ అనే బాక్టీరియా ఎదుగుదలే. అందుకే ఆ పదార్థాన్ని మొదట్లో ఆ బాక్టీరియా పేరుతోనే పిలిచేవారు. ఎలుకకూ సూక్ష్మజీవికీ వైద్యుడు ఎంత రుణపడి ఉన్నాడో నాకు తెలుసు.

ప్రోబయాటిక్స్ మీద జరిగే ప్రయోగాల తీరు దాదాపుగా ఒకటే. ముందుగా ఎలుకలో ఆక్సీకరణ ఒత్తిడిని పుట్టించాలి. ఆరోగ్యంగా ఉన్న ఎలుకలో తగ్గించడానికి ఏమీ ఉండదు కదా. అందుకు స్ట్రెప్టోజోటోసిన్ అనే రసాయనాన్ని ఎక్కించి క్లోమంలోని ఇన్సులిన్ కణాలను చంపుతారు. లేదా రోజూ గాలక్టోజ్ చక్కెర సూదిమందు వేసి వార్ధక్యం వంటి స్థితిని తెస్తారు. కాలేయం దెబ్బతినాలంటే కార్బన్ టెట్రాక్లోరైడ్ ఉంది, అధిక మోతాదులో పారాసెటమాల్ ఉంది. కొన్ని ఎలుకలకు బాక్టీరియాను నోటి గొట్టం ద్వారా కడుపులోకి పంపుతారు, కొన్నింటికి ఉత్త ద్రవం పంపుతారు. కొన్ని వారాల తరువాత వాటిని చంపి కాలేయాన్ని, రక్తాన్ని పరీక్షిస్తారు. కొవ్వులు ఆక్సీకరణం చెందితే మాలోన్‌డైఆల్డిహైడ్ అనే పదార్థం పుడుతుంది. దానిని థయోబార్బిట్యూరిక్ ఆమ్లంతో కలిపి వేడిచేస్తే గులాబి రంగు వస్తుంది. ఆ రంగు ఎంత గాఢంగా ఉంటే ఒత్తిడి అంత ఎక్కువ అని లెక్క. నా శిల్పి తెచ్చిన కరపత్రంలోని ఎర్రగీత, పచ్చగీత చివరికి ఈ గులాబి రంగు గాఢతలే. ఆ పరీక్ష చవకైనది, సులువైనది, కానీ అంత కచ్చితమైనది కాదు. రక్తంలోని కొన్ని చక్కెరలు, పైత్యరంగు కూడా దానిని తప్పుదోవ పట్టించగలవు.

మన దేశంలో ఈ అంశంమీద గౌరవించదగిన పని కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థలో జరిగింది. అక్కడి శాస్త్రవేత్తలు లాక్టోబాసిల్లస్ ఎసిడోఫిలస్, లాక్టోబాసిల్లస్ కేసీ అనే రెండు బాక్టీరియాలతో తోడుపెట్టిన పెరుగును ఎలుకలకు పెట్టారు. ఒక ప్రయోగంలో ఫ్రక్టోజ్ ఎక్కువగా తాగించిన ఎలుకలు, మరొక దానిలో స్ట్రెప్టోజోటోసిన్ ఎక్కించినవి. ఫలితాలు 2007, 2008 సంవత్సరాల్లో వెలువడ్డాయి. పెరుగు తిన్న ఎలుకలలో రక్తంలో చక్కెర పెరగడం ఆలస్యమైంది, కొవ్వుల ఆక్సీకరణ తగ్గింది, గ్లూటాథయోన్ మెరుగుపడింది. తరువాత 2012లో అదే సంస్థ నుంచి ముసలి చుంచెలుకల మీద మరొక అధ్యయనం వచ్చింది, అందులోనూ ఇదే ధోరణి. ఈ పనిలో నాకు నచ్చింది రెండు విషయాలు. వారు ఏ జాతి, ఏ తరహా బాక్టీరియా వాడారో సంఖ్యతో సహా చెప్పారు. పైగా వారు గోళీని కాక పెరుగును పరీక్షించారు.

బాక్టీరియా ఈ పని ఎలా చేస్తుందన్నది కూడా కొంత తెలిసింది. వినడానికి వింతగా ఉంటుంది. లాక్టోబాసిల్లస్ జాతుల్లో చాలావాటికి సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ లేదు. వాటిలో కొన్ని మాంగనీసును భారీగా పోగుచేసుకొని దానితోనే రవ్వలను ఆర్పుకుంటాయని 1981లోనే గుర్తించారు. ఇంకా వింత ఏమంటే, వీటిలో కొన్ని స్వయంగా హైడ్రోజన్ పెరాక్సైడును తయారుచేస్తాయి. పేగు గోడను తాకినప్పుడు అక్కడి కణాలలో చిన్నపాటి ఆక్సీకరణను రేపుతాయని, ఆ చిన్న మంటను చూసి కణం తన అగ్నిమాపక దళాన్ని పెంచుకుంటుందని 2015లో అమెరికాలోని ఎమొరీ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఈగలలోనూ చుంచెలుకలలోనూ చూపించారు. అంటే ఈ మేలుచేసే బాక్టీరియా మంటను ఆర్పేదిగా కాక, వ్యాయామం చేయించే గురువుగా పనిచేస్తున్నట్లుంది. ఇది అందమైన శాస్త్రం. కరపత్రంలో దీనికి చోటు దొరకదు.

అయితే ఎలుక నుంచి మనిషికి మధ్య దారిలో ఏముంది?

మొదట ఒక చిన్న లెక్క. 250 గ్రాముల ఎలుకకు రోజుకు 100 కోట్ల బాక్టీరియా ఇచ్చారనుకుందాం. కిలోకు 400 కోట్లు అవుతాయి. ఎలుక మోతాదును మనిషికి మార్చడానికి మందుల పరిశోధనలో సాధారణంగా 0.16తో గుణిస్తారు. కిలోకు 64 కోట్లు. 60 కిలోల మనిషికి 3,840 కోట్లు. నా శిల్పి సీసామీద గోళీకి 200 కోట్లు అని రాసి ఉంది. ఆ ఎలుకతో సమానంగా ఉండాలంటే అతడు రోజుకు 19 గోళీలు మింగాలి. నిజానికి ఈ లెక్కకూ అర్థం లేదు. ఆ సూత్రం రసాయనాల కోసం పుట్టింది. కడుపులో చావవచ్చు, పేగులో పెరగవచ్చు, అక్కడ ముందే కాపురమున్న బాక్టీరియాతో తగాదాపడవచ్చు అనే ప్రాణికి అది వర్తించదు. అంటే కరపత్రం వేసినవారి దగ్గర మోతాదు గురించి ఎలాంటి ఆధారమూ లేదు.

రెండవది, ఎలుక జీవితం. ఆ ఎలుకలన్నీ దగ్గరి బంధువులు, ఒకే వయసువి, ఒకే తిండి తిన్నవి, చల్లని గదిలో పెరిగినవి. అవి తమ మలాన్ని తామే తింటాయి. ఒకే పెట్టెలో ఉన్నవి ఒకదాని బాక్టీరియాను మరొకటి పంచుకుంటాయి. మోతాదు ఇచ్చిన ఎలుకకు ఆ బాక్టీరియా మళ్లీ మళ్లీ అందుతూనే ఉంటుంది. నంద్యాల మనిషి మే నెల ఎండలో తిరుగుతాడు, బీడీ కాలుస్తాడు, పత్తి చేలో మందు కొడతాడు, పెళ్లిలో బిరియానీ తింటాడు, జలుబుకు చెప్పాపెట్టకుండా ఆంటీబయాటిక్ కొనుక్కుంటాడు. ఇతడి పేగు ఆ ఎలుక పేగు కాదు.

మూడవది అన్నింటికంటే ముఖ్యం. దానికి నెదర్లాండ్స్‌లో జరిగిన ఒక ఉదంతాన్ని కాస్త వివరంగా చెప్పాలి. క్లోమం తీవ్రంగా వాచిన రోగులలో పేగులోని బాక్టీరియా రక్తంలోకి చేరి ప్రాణం తీస్తుంది. దానిని ఆపాలని అక్కడి వైద్యులు ఆరు రకాల మేలు బాక్టీరియాల మిశ్రమాన్ని ఎంచుకున్నారు. ఎలుకలలో అది చక్కగా పనిచేసింది. బాక్టీరియా పేగు దాటడం తగ్గింది. క్లోమంలో గ్లూటాథయోన్ ఉత్పత్తి పెరిగి ఆక్సీకరణ ఒత్తిడి తగ్గిందని కూడా అదే మిశ్రమంపై 2008లో ప్రచురితమైన ఎలుకల ప్రయోగం తెలిపింది. అదే సంవత్సరం మనుషులలో జరిగిన పరీక్ష ఫలితాలు లాన్సెట్ పత్రికలో వెలువడ్డాయి. 15 ఆసుపత్రులు, 296 మంది రోగులు. ప్రోబయాటిక్ తీసుకున్న 152 మందిలో 24 మంది మరణించారు. ఉత్త పొడి తీసుకున్న 144 మందిలో 9 మంది. ప్రోబయాటిక్ వర్గంలో తొమ్మిదిమందికి పేగుకు రక్తప్రసరణ ఆగి పేగు దెబ్బతింది. మరొక వర్గంలో ఒక్కరికి కూడా అలా జరగలేదు.

ఎలుకలో ప్రాణం నిలిపినది మనిషిలో ఎందుకు ప్రాణం తీసింది? పూర్తి సమాధానం నేటికీ వివాదమే. కానీ ఒక తేడా స్పష్టం. ఎలుకలకు ఆ బాక్టీరియాను జబ్బు పుట్టించడానికి కొన్ని రోజుల ముందునుంచే ఇచ్చారు. మనుషులు ఆసుపత్రికి వచ్చేసరికే జబ్బు మొదలై ఉంది, పేగు అప్పటికే రక్తం చాలక అలసిపోయి ఉంది. అలాంటి పేగులోకి కోట్లకొద్దీ బ్రతికున్న బాక్టీరియాను, వాటి మేతను పంపారు. ఎలుకకు చేసినది నివారణ, మనిషికి చేసినది చికిత్స. ఈ రెండింటి నడుమ ఉన్న అగాధం గులాబి రంగు పరీక్షలో కనబడదు. ఆ డచ్చి వైద్యుల నిజాయితీకి మాత్రం నమస్కరించాలి. చేదు ఫలితాన్ని దాచకుండా ప్రపంచం ముందు పెట్టారు.

ఆక్సీకరణ విరోధుల చరిత్రలో ఇది కొత్త కథ కూడా కాదు. ఫిన్లాండ్‌లో పొగతాగే 29,133 మంది పురుషులకు బీటా కెరోటిన్, విటమిన్ ఇ ఇచ్చి చూస్తే, 1994లో తేలినది బీటా కెరోటిన్ తీసుకున్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువైందని. పక్షవాతానికి రవ్వలను పట్టి ఆర్పే ఒక మందు జంతువులలో ఆశలు రేపింది, మొదటి మానవ పరీక్షలో కొంత మేలు కనిపించింది, 2007లో 3,000 మందికి పైగా రోగులపై వెలువడిన రెండవ పరీక్షలో ఏ ప్రయోజనమూ లేదని తేలి కథ ముగిసింది. కొలమానం మెరుగుపడడం వేరు, మనిషి మెరుగుపడడం వేరు. నా వృత్తి జీవితంలో ఈ పాఠం నేర్చుకోవడానికి నాకే చాలా ఏళ్లు పట్టింది. కాబట్టి ఆ శిల్పిని తప్పుపట్టే అర్హత నాకు లేదు.

ఇంత చెప్పాక అవతలి పక్షానికీ న్యాయం చేయాలి. 2017లో నేచర్ పత్రికలో వచ్చిన ఒడిశా పరిశోధన నా మనసులో చెరగనిది. పల్లెల్లో పుట్టిన 4,556 మంది శిశువులపై ఆ పరిశోధన జరిగింది. వారిలో సగం మందికి లాక్టోబాసిల్లస్ ప్లాంటారమ్ అనే ఒక నిర్దిష్ట తరహా బాక్టీరియాను దాని మేత అయిన ఒక చక్కెరతో కలిపి కేవలం ఏడు రోజులు ఇచ్చారు. రక్తం విషపూరితమవడం లేదా మరణం 9 శాతం నుంచి 5.4 శాతానికి తగ్గింది. మన పక్క రాష్ట్రంలో, మనవంటి పల్లెల్లో, మనవంటి పేదరికంలో వచ్చిన ఫలితం ఇది. కానీ గమనించండి, ఆ శిశువులు 2 కిలోలకు తగ్గనివారు, దాదాపు నెలలు నిండినవారు. బాగా నెలలు తక్కువ పుట్టిన పిల్లలకు ప్రోబయాటిక్స్ ఇవ్వడంలో ప్రమాదముందని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2023లో హెచ్చరించవలసి వచ్చింది.

మధుమేహం సంగతి కూడా. 2012లో ఇరాన్‌లో 64 మంది మధుమేహ రోగులకు ఆరు వారాలు రోజుకు 300 గ్రాముల పెరుగు ఇచ్చారు. సగం మందికి మామూలు పెరుగు, సగం మందికి ప్రోబయాటిక్ పెరుగు. ప్రోబయాటిక్ పెరుగు తిన్నవారిలో పరగడుపు చక్కెర కొంత తగ్గింది, ఆక్సీకరణ దళపు ఎంజైములు పెరిగాయి. కర్నాల్ ఎలుకలు చెప్పినదానికి ఇది దగ్గరగా ఉంది. ఆసక్తికరమైన ఫలితమే. కానీ ఆరు వారాల్లో ఎవరి కాలి పుండు మానింది, ఎవరి మూత్రపిండం నిలిచింది అన్నది తెలియదు. దీని ఆధారంగా మెట్‌ఫార్మిన్ మానేసి గోళీలు పట్టిన ఒక పెద్దమ్మను నేను నంద్యాలలో చూశాను. చక్కెర 400 దాటి స్పృహ తప్పే స్థితిలో ఆమెను ఆటోలో తీసుకొచ్చారు. ఆమెకు ఆ సలహా ఇచ్చినది సొంత అల్లుడు, అతడు చదివినది సెల్‌ఫోన్‌లో వచ్చిన ఒక సందేశం. అందులోనూ ఒక ఎలుక ఉంది.

ఇక మన ఊరి ఎండ. చాలా ప్రోబయాటిక్ ఉత్పత్తులు బ్రతికున్న బాక్టీరియా అన్న ఒక్క కారణంతోనే ధర పలుకుతాయి. నంద్యాలలో మే నెలలో 44 డిగ్రీలు మామూలు మాట. మధ్యాహ్నం కరెంటు పోయిన దుకాణంలో, రేకుల కప్పు కింద, అట్టపెట్టెలో ఉన్న లాక్టోబాసిల్లస్ ఎన్ని రోజులు బ్రతుకుతుంది? బీజరూపంలో ఉండే బాసిల్లస్ రకాలు వేడిని తట్టుకుంటాయి. లాక్టోబాసిల్లస్, బైఫిడో రకాలు అంతగా తట్టుకోలేవు. శిల్పి సీసామీద "చల్లని ప్రదేశంలో ఉంచవలెను" అని ఉంది. అతడు దానిని రాతి పనిముట్ల పెట్టెలో ఉంచాడు. బహుశా అతడు మూడు నెలలుగా మింగింది బాక్టీరియా శవాలను. శవాలకూ కొంత ప్రభావం ఉంటుందని ఈమధ్య పరిశోధనలు జరుగుతున్నాయి, అది వేరే సంగతి. కానీ అతడు డబ్బిచ్చింది ప్రాణమున్న వాటికి.

అదే సీసా అడుగున మరొక వాక్యం ఉంది, భూతద్దం లేకుండా కనబడనంత చిన్న అక్షరాలలో. ఔషధ వినియోగానికి కాదు అని. మన ఆహార భద్రత చట్టం కింద వచ్చిన నిబంధనల ప్రకారం ఇలాంటి పూరక ఆహారాలపై ఆ మాట రాసి తీరాలి. ఒక రోజు తీసుకునే పరిమాణంలో మామూలుగా కనీసం 10 కోట్ల సజీవ బాక్టీరియా ఉండాలన్న నిబంధన కూడా ఉంది. మధుమేహం వంటి జబ్బులను నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారమే నేరం. అంటే సీసా చట్టానికి లోబడి మందు కాదంటుంది, దానితో వచ్చే కరపత్రం మందంటుంది. నా అభిప్రాయం సూటిగా చెబుతాను. జంతువులలో మాత్రమే కనిపించిన ఫలితాన్ని మనుషులకు అమ్మే కాగితంపై వేసేటప్పుడు "ఇది ఎలుకలలో చూసిన ఫలితం, మనుషులలో రుజువు కాలేదు" అని, మిగతా అక్షరాలంత పెద్ద అక్షరాలలో, తెలుగులో రాయాలి. బొమ్మ వేస్తే చాలదు. కరపత్రం వేసినవారికి ఇది ఒక పంక్తి సిరా ఖర్చు.

ఎవరు ఈ గోళీల జోలికి అసలు పోకూడదో కూడా చెప్పాలి. క్యాన్సర్ చికిత్సలో ఉన్నవారు, అవయవ మార్పిడి జరిగి రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారు, మెడ సిరలో గొట్టం ఉన్నవారు, తీవ్ర అనారోగ్యంతో ఐసీయూలో ఉన్నవారు. వీరిలో ఆ మేలు బాక్టీరియానో, ఈస్టో రక్తంలోకి చేరి జ్వరం తెచ్చిన సందర్భాలు వైద్య సాహిత్యంలో నమోదై ఉన్నాయి. వీరు వైద్యుడిని అడగకుండా ముట్టుకోరాదు. నీళ్ల విరేచనాలైన పిల్లలకు ముందు ఓఆర్‌ఎస్, జింక్. పిల్లల మీద 2018లో అమెరికా, కెనడాలలో జరిగిన రెండు పెద్ద పరీక్షల్లో ప్రోబయాటిక్స్ వాంతులు విరేచనాల తీవ్రతను తగ్గించలేదు.

మరి పెరుగు మాటేమిటని మీరు అడుగుతారు. తినండి. ఇంట్లో తోడుపెట్టిన పెరుగులో ఏ తరహా బాక్టీరియా ఎంత ఉందో ఎవరూ లెక్కించలేరు గనుక శాస్త్రపరిభాషలో దానిని ప్రోబయాటిక్ అనలేం. అయినా పాలు పడని వారికి పెరుగు పడుతుంది. పాలచక్కెరను జీర్ణం చేయడంలో పెరుగులోని సజీవ బాక్టీరియా సాయపడుతుందన్న ఒక్క విషయాన్ని మాత్రం ఎన్నో ప్రోబయాటిక్ దావాలను తిరస్కరించిన ఐరోపా ఆహార భద్రతా సంస్థ కూడా 2010లో అంగీకరించింది. మా చిన్నతనంలో సద్ది సంగటిలో మజ్జిగ పోసుకొని, పక్కన ఉల్లిపాయ కొరుక్కుని చేనికి పోయేవారు. అందులో బాక్టీరియా ఉంది, పీచు ఉంది, ఆ బాక్టీరియాకు మేత కూడా ఉల్లిపాయలో ఉంది. జొన్న రొట్టె, కొర్రన్నం తినే పేగుకు బయటి నుంచి సైన్యాన్ని అంతగా దించనక్కరలేదు. నంద్యాల వ్యవసాయ పరిశోధన స్థానం కొర్రలో మేలైన వంగడాలనే అందించింది. మనమే వాటిని దుకాణంలో ప్యాకెట్టు ధరకు కొనే రోజులు తెచ్చుకున్నాం. దీనినంతా అద్భుత ఔషధమని మాత్రం నేను చెప్పను. చెబితే నేనూ ఒక కరపత్రం వేసినవాడినే అవుతాను.

శిల్పి సంగతి చెప్పి ముగిస్తాను. ఎక్స్‌రే తీయిస్తే రెండు ఊపిరితిత్తుల పైభాగాలలో చిన్న చిన్న గుండ్లలాంటి మచ్చలు కనబడ్డాయి. కళ్లె పరీక్షలో క్షయ లేదు. రాయిని యంత్రంతో కోసినప్పుడు అప్పుడే పగిలిన సిలికా రేణువు ఉపరితలంమీద స్వేచ్ఛా రాశులు పుడతాయి. ఊపిరితిత్తిలోని రక్షక కణాలు దానిని మింగి, జీర్ణించుకోలేక చచ్చి, మరిన్ని రవ్వలు వెదజల్లుతాయి. అంటే అతని ఛాతీలో నిజంగానే తుప్పు ఉంది. కరపత్రం ఆ ఒక్క విషయంలో అబద్ధం చెప్పలేదు. కానీ ఆ తుప్పుకు మూలం అతని పేగులో లేదు, అతని కోత యంత్రం అంచున ఉంది. అక్కడ దానిని ఆపవచ్చు. కోసేటప్పుడు రాతిమీద నీటిధార పడేలా చేయడం, దుమ్మును ఆపే సరైన మాస్కు బిగించుకోవడం, పనిచేసిన బట్టలను ఇంట్లోకి తేకపోవడం, బీడీ మానడం, ఆరు నెలలకొకసారి క్షయ పరీక్ష. గోళీలకు పెట్టే ఒక నెల డబ్బుతో ఈ సరంజామా చాలావరకు వస్తుంది.

ఇదంతా విన్నాక అతడు కాసేపు ఊరుకుని, "అయితే ఈ సీసా ఏం జేయమంటారు సార్, ఇంకా సగముంది" అన్నాడు. గోళీలు పారవేసి, సీసా కడిగి, అందులో నీళ్లు నింపి మూతకు రంధ్రం పెట్టి రాతిమీద పోసుకోమన్నాను. నవ్వాడు. తరువాతి గురువారం వాళ్ల కొట్టం ముందుగా వెళ్తూ చూశాను. యంత్రం పక్కన ఒక పాత బిందె, దానికొక పైపు, రాతిమీద నీరు పారుతోంది. ముక్కుకు మాత్రం ఇంకా ఆ తువ్వాలే ఉంది. దిగి మాస్కు సంగతి అడిగాను. ఉక్కపోస్తోందన్నాడు. తరువాతి వారం ఇంకొంచెం పలచనిది తెచ్చి ఇస్తానని చెప్పి వచ్చాను.